టోటల్ లాస్ వాహనముల పునరుద్ధరణము: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతము

ప్రమాదములో నలిగియో, వరదనీట మునిగియో, మంటలలో చిక్కియో, బాగుచేయుటకగు వ్యయము తన విలువతో పోటీపడునంతటి దురవస్థకు వచ్చి, బీమా సంస్థచేత ‘టోటల్ లాస్’ అని నిర్ణయింపబడిన మోటారు వాహనమును మరల చట్టసమ్మతముగా బాటమీదికి తెచ్చు విధానము ఈ వ్యాసమునకు విషయము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి వాహనముయొక్క యాజమాన్య పత్రముమీదనే ‘సాల్వేజ్’ అను ముద్ర పడును. బాగుచేయించి, పరీక్షకు నిలిపి, నెగ్గిన పిమ్మట ఆ ముద్ర ‘రీబిల్ట్’ అని మారునేగాని పూర్తిగా చెరిగిపోదు. భారతదేశమున అట్టి ముద్ర లేదు. మన ఆర్.సి.లో, అనగా జనులు నేటికిని ‘సీ బుక్కు’ అని పిలుచు రిజిస్ట్రేషను పత్రములో, వాహనము రకము, రంగు, ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య, యజమాని పేరు, అప్పిచ్చిన ఫైనాన్సు సంస్థ పేరు ఉండునుగాని, ఆ వాహన మొకప్పుడు లారీక్రింద నుగ్గయినదనియో, రెండు దినములు తుంగభద్రనీట నానినదనియో తెలుపు గడి యేదియు లేదు. వాహనముయొక్క గతము బీమా సంస్థ దస్త్రములలో నుండును. వర్తమానము రవాణా శాఖ దస్త్రములలో నుండును. ఈ రెంటిని కలిపి చదువువారు అరుదు. ఈ వ్యాపారములోని సౌలభ్యమును, మోసమును రెండును ఈ యెడమునుండియే పుట్టినవి.

ప్రాంత స్వరూపము

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు రెండును వర్తక పట్టణములు. ఆదోనికి ప్రత్తి మార్కెట్టును జిన్నింగు మిల్లులును, ఎమ్మిగనూరునకు చేనేతయు, మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన నేతగాండ్ర సహకార సంఘమును పేరు తెచ్చినవి. నల్లరేగడి చేలనుండి ప్రత్తియు, వేరుసెనగయు, ఉల్లియు, మిరపయు మోసికొని వచ్చు పికప్ బండ్లు, పొరుగు రాష్ట్రములకు బేళ్లను చేరవేయు లారీలు, మంత్రాలయమునకు పోవు యాత్రికుల కార్లు, పల్లెలను పట్టణములతో కలుపు ఆటోలు ఈ బాటలమీద నిత్యము తిరుగుచుండుటచేత, చెడిన బండిని మరల నడపించు విద్యకు ఇచట గిరాకి యెన్నడును తగ్గలేదు. క్రొత్తబండి కొనుటకు శక్తిచాలని చిన్నవర్తకునకు, బాడుగబండి నడుపుకొను యువకునకు టోటల్ లాస్ బండి ఒక ఆశ. ఇంకొక చారిత్రక కారణము గలదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలో నుండి, ఆ సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఇటు చేరినవి. జిల్లాలు వేరైనను వర్తకపు దారులు వేరుకాలేదు. విడిభాగములకును, పాతబండ్ల బేరములకును ఈ ప్రాంతపు వారు బళ్లారికిని రాయచూరునకును నేటికిని పోవుచునే యుందురు. ఆ కారణమున కె.ఎ. 34 అను బళ్లారి గుర్తుతోను, కె.ఎ. 36 అను రాయచూరు గుర్తుతోను ఉన్న బండ్లు ఇచటి మెకానిక్ షెడ్లలో సాధారణముగా కనబడును. వాటి వ్యవహారము ఏ.పి. 21 అను కర్నూలు గుర్తుగల పాతబండ్లయు, 2019 నుండి రాష్ట్రమంతటికి ఒక్కటిగా వచ్చిన ఏ.పి. 39 గుర్తుగల బండ్లయు వ్యవహారముకంటె చిక్కైనది.

2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును, మంత్రాలయమును ముంచెత్తినప్పుడు, ఇండ్లతోబాటు వాకిళ్లలో నిలిపిన వాహనములును నీటిపాలైనవి. 2015లో చెన్నై వరదలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరదలు ఇట్టి వాహనములను మరల పెద్దయెత్తున బయటికి తెచ్చినవి. ప్రమాదపుబండికంటె వరదబండి అపాయకరమైనదని ఈ వ్యాసకర్త యభిప్రాయము. దెబ్బతిన్న బండిమీది గాయము కంటికి కనబడును. మునిగిన బండి కడిగి, తుడిచి, పాలిష్ పట్టించినయెడల పెండ్లికూతురువలె నిలుచును. దాని లోపము నెలలు గడచిన పిదప కంప్యూటరు పెట్టెలోను, సెన్సర్లలోను, వైరింగు కనెక్టర్లలో పట్టిన పచ్చని చిలుములోను బయటపడును. అనుభవజ్ఞుడైన మెకానిక్కు సీటుక్రింది పట్టాల తుప్పును, సీటుబెల్టును కడకంట లాగినప్పుడు కనబడు బురదగీతను, హెడ్‌లైటు గాజులోపలి తడిమరకను, స్టెప్నీ గుంటలో మిగిలిన ఒండ్రును చూచియే నిర్ణయము చెప్పును. 2020 ఏప్రిలు నుండి వచ్చిన బి.ఎస్. 6 కాలుష్య ప్రమాణపు వాహనములలో ఎలక్ట్రానిక్ భాగములు మరింత పెరిగినందున, వరదబండిని కొని బాగుచేయుట నాటికంటె నేడు నష్టదాయకము.

టోటల్ లాస్ నిర్ణయము

ప్రమాదమునుగూర్చి కబురందిన పిమ్మట బీమా సంస్థ పంపు సర్వేయరు 1938 నాటి బీమా చట్టము 64 యు.ఎం. విభాగము క్రింద లైసెన్సు పొందినవాడు. నష్టమెంత, బాగుచేయుట కెంత అగును అని లెక్కగట్టు అధికారము అతనిది. పాలసీలో వాహనమునకు కట్టిన విలువను ఐ.డి.వి. అందురు. 2002లో అమలులోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్ ప్రకారము ఈ విలువ వాహనపు క్రొత్తధరనుండి వయస్సునుబట్టి తగ్గుచు వచ్చును: ఆరునెలలలోపు నూటికి 5, సంవత్సరములోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, ఐదేండ్లలోపు 50 వంతుల తరుగుదల. బాగుచేయుటకును, పడినచోటినుండి తెచ్చుటకును అగు మొత్తము ఐ.డి.వి.లో నూటికి 75 వంతులను మించినప్పుడు వాహనమును ‘కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్’గా పరిగణింతురు. ఉదాహరణకు, షోరూములో 8,00,000 రూపాయలకు కొని, రెండేండ్లు దాటి మూడేండ్లు నిండని కారునకు ఐ.డి.వి. 5,60,000, అందు నూటికి 75 వంతులు 4,20,000. షెడ్డువారి అంచనా 4,50,000 అయినచో ఆ కారు బీమావారి దృష్టిలో మృతప్రాయము. కాని మెకానిక్కు దృష్టిలో అట్లుగాక పోవచ్చును. కంపెనీ వర్కుషాపులో క్రొత్త భాగములతో వేసిన అంచనా అది. విజయవాడ ఆటోనగరునుండి పాతభాగములు తెప్పించి, టింకరింగు ఎమ్మిగనూరులోనే చేయించినయెడల అందులో సగమునకే పని ముగియవచ్చును. ఈ భేదమే టోటల్ లాస్ వ్యాపారమునకు మూలధనము.

పరిహార మిచ్చు పద్ధతులలో రెండు ముఖ్యములు. ఒక పద్ధతిలో బీమా సంస్థ ఐ.డి.వి.నంతను చెల్లించి శిథిలమును తాను తీసికొని, వేలములో అమ్మును. రెండవ పద్ధతిలో శిథిలమును యజమానికే విడిచి, వేలములో దానికి పలికిన ఎక్కువ ధరను ఐ.డి.వి.నుండి తగ్గించి మిగిలినది చెల్లించును. దీనిని ‘నెట్ ఆఫ్ సాల్వేజ్’ అందురు. పై ఉదాహరణములోని కారునకు వేలమున 1,80,000 పలికినదనుకొన్నచో యజమానికి 3,80,000 వచ్చును. అందుండియు పాలసీలోని తప్పనిసరి కోత, 1500 సి.సి. లోపు కార్లకు వేయి రూపాయలు, పోవును. బండిమీద ఫైనాన్సు ఉన్నయెడల చెక్కు మొదట ఫైనాన్సు సంస్థకు పోవును, బాకీ ఐ.డి.వి.ని మించినచో మిగులు బాకీ యజమాని నెత్తిననే యుండును. చెల్లింపుతో పాత పాలసీ ముగియును. ఇది చాలమందికి తెలియదు. అద్దముమీద అంటించిన కాగితములో గడువు తేదీ ఇంకను మిగిలియున్నందున బండికి బీమా ఉన్నదని భ్రమపడి నడుపువారు కలరు.

మొదటి పద్ధతిలో జరుగు ఒక యలవాటు మిక్కిలి ప్రమాదకరము. తాళములతోను ఆర్.సి.తోను బాటు, యాజమాన్య బదిలీకి వాడు ఫారము 29, ఫారము 30లమీద కొనువాని పేరు వ్రాయకుండ ఖాళీగా సంతకము చేయించుకొందురు. ఆ ఫారములు వేలములో గెలిచినవానినుండి మధ్యవర్తికి, మధ్యవర్తినుండి మరియొకనికి చేతులు మారుచు నెలలు తిరుగును. అంతవరకు రవాణా శాఖ దస్త్రములో యజమాని పాతవాడే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పుచెప్పుచు, వాహనము చేతులెన్ని మారినను దస్త్రములో ఎవని పేరున్నదో అతడే చట్టము దృష్టిలో యజమాని యనియు, ప్రమాదబాధితులకు పరిహారమిచ్చు బాధ్యత అతనిదే యనియు నిర్ధారించినది. టోటల్ లాస్ సొమ్ము పుచ్చుకొని బండిని మరచిపోయిన ఆదోని ఉపాధ్యాయుడొకడు, మూడేండ్ల పిమ్మట ఎరుగని ఊరిలో ఎరుగనివాడు నడిపిన అదే బండి చేసిన ప్రమాదమునకు కోర్టు తాఖీదు అందుకొనుట ఊహామాత్రము కాదు. ఆ తీర్పు ప్రకారము జరుగదగినదే. అమ్మిన సంగతిని రాష్ట్రములోపలనైన 14 దినములలో రిజిస్టరింగు అధికారికి తెలుపుట అమ్మినవాని విధి. కొన్నవాడు 30 దినములలో బదిలీకి దరఖాస్తు చేయవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ విభాగము చెప్పునది ఇదే. 2023 ఏప్రిలునుండి అమలైన నియమముల ప్రకారము, అధికారపత్రము పొందిన పాతవాహనముల వ్యాపారికి బండి నప్పగించి, ఆ సంగతిని దస్త్రమున కెక్కించినచో ఆ వ్యాపారియే యజమానిగా పరిగణింపబడును. అధికారపత్రము లేని మధ్యవర్తికి ఇది వర్తింపదు.

రిజిస్ట్రేషను బ్రతికియున్నదా?

పునరుద్ధరణమునకు పూనుకొనువాడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న బండి బాగుపడునా యనునది కాదు, దాని రిజిస్ట్రేషను బ్రతికియున్నదా యనునది. ఈ ప్రశ్నకు మోటారు వాహనముల చట్టములో మూడు స్థితులు గలవు.

వాహనము నశించినను, శాశ్వతముగా పనికిరాకుండ పోయినను, యజమాని 14 దినములలోగాని, వీలైనంత త్వరలోగాని ఆ సంగతిని రిజిస్టరింగు అధికారికి తెలిపి ఆర్.సి.ని అప్పగింపవలెనని 55వ విభాగము శాసించుచున్నది. అధికారియే స్వయముగా వాహనమును పరీక్షింపజేసి, అది వాడుకకు పనికిరాదనియో, జనులకు అపాయకరమనియో తేలి, పైగా సమంజసమైన మరమ్మతునకు లొంగదని తృప్తిపడినచో రద్దు చేయవచ్చును. ఇట్లు రద్దయిన వాహనమునకు ప్రాణము పోయినట్లే. రద్దు ఆజ్ఞమీద 30 దినములలో 57వ విభాగము క్రింద అప్పీలు చేసికొను మార్గ మున్నది. ఆ గడువు దాటిన పిమ్మట, తుక్కుగా లెక్కవ్రాసిన బండికి క్రొత్తగా రిజిస్ట్రేషను ఇచ్చు ప్రత్యేక విధానము మన చట్టములో లేదు. క్రొత్త రిజిస్ట్రేషనునకు తయారీదారుని ఫారము 22ను, అమ్మకపు పత్రమైన ఫారము 21ను జతపరుపవలెను. నలిగిన బండికి వాటిని మరల ఇచ్చువా రెవరు? కాబట్టి రద్దయిన ఆర్.సి.గల శిథిలమును విడిభాగముల కొరకు కొనవచ్చునుగాని, బాటమీది కొరకు కొనరాదు.

రెండవ స్థితి సస్పెన్షను. బండి జనులకు అపాయకరమైన స్థితిలో నున్నదని తోచినచో 53వ విభాగము క్రింద ఆర్.సి.ని నిలుపుదల చేయవచ్చును. లోపములు సవరించి చూపించిన పిమ్మట నిలుపుదల తొలగును. అయితే ఆ నిలుపుదల ఎడతెగక ఆరునెలలు సాగినయెడల 54వ విభాగము ప్రకారము రద్దునకు దారితీయును. షెడ్డులో బండిని నిలిపి, డబ్బు చేరినప్పుడు చూతమని ఏడాది గడపు యజమానులకు ఈ ఆరునెలల లెక్క గమనింపదగినది.

మూడవ స్థితి సర్వసాధారణము: ఎవరును ఎవరికిని ఏమియు తెలుపలేదు, ఆర్.సి. యథాతథముగా చెల్లుచున్నది. ఈ స్థితిలో సొంతకారును బాగుచేయించినవాడు దానిని ఏ అధికారికిని చూపనక్కరలేకయే నడుపుకొనవచ్చును; సొంతవాహనపు రిజిస్ట్రేషను మొదటి 15 సంవత్సరములును ఏ పరీక్షయు లేకుండ చెల్లును గనుక. రెండు ముక్కలై అతికిన కారును ఒక్క ఇన్‌స్పెక్టరయినను చూడకుండ హైవేమీదికి వదలు ఈ వ్యవస్థ సౌకర్యమునకు పోయి భద్రతను మరచినది. బాడుగబండ్ల సంగతి వేరు. పికప్, ఆటో, టాక్సీ, లారీలకు 56వ విభాగము క్రింద ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, అనగా ‘ఎఫ్.సి.’, తప్పదు; ఎనిమిదేండ్ల వయస్సువరకు రెండేండ్లకొకమారును, ఆపైన ఏటేటను దానిని పునరుద్ధరింపవలెను. అందుచేత ఎఫ్.సి. గడువు ముగిసినప్పుడైనను ఆ బండ్లు అధికారి కంటబడును.

మరమ్మతు, ఛాసిస్ సంఖ్య

ప్రమాదములో మనుష్యులు గాయపడినయెడల బండి మొదట పోలీసు స్టేషను ఆవరణ చేరును. 136వ విభాగము ప్రకారము మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు, జనులమాటలో ‘బ్రేక్ ఇన్‌స్పెక్టరు’, పరీక్షించి నివేదిక వ్రాయును. తతంగము ముగిసినంతనే 24 గంటలలో బండిని యజమానికి తిరిగి ఇయ్యవలెనని ఆ విభాగమే చెప్పుచున్నది. కేసులో బండిని స్వాధీనపరచుకొన్నచో కోర్టు ఉత్తర్వు అవసరమగును. ఈ నివేదిక నకలును భద్రపరచుకొనుట మేలు. బండి నిజముగా ఎక్కడ దెబ్బతిన్నదో తెలుపు తటస్థ సాక్ష్యము అది యొక్కటియే.

పాత జీపులకును లారీలకును ఇనుప చట్రము వేరు, పైడొప్ప వేరు. నేటి కార్లలో చట్రమును డొప్పయు ఒక్కటే. ఛాసిస్ సంఖ్య ఆ డొప్పమీదనే చెక్కియుండును. కాబట్టి ముందుభాగము నుగ్గయిన కారునకు మరియొక కారు ముందుభాగమును కోసి తెచ్చి అతికించుట బలము దృష్టిలోనే గాక గుర్తింపు దృష్టిలోను సందేహాస్పదము. సంఖ్య చెక్కిన భాగము పాడైనప్పుడు దానిని మార్చుటకు ముందుగా రిజిస్టరింగు అధికారికి దరఖాస్తు చేసి, ఇన్‌స్పెక్టరు చూచిన పిమ్మట, అనుమతితో మరల పంచింగు చేయించి, కాగితముపై పెన్సిలు రుద్ది తీసిన అచ్చును దస్త్రములో చేర్పింపవలెను. అనుమతి లేక షెడ్డులో కొట్టించిన సంఖ్య, అంకెలన్నియు సరిపోయినను, బండిని నేరపు వస్తువుగా మార్చును. ఇంజను మార్చినచో ఆ ఇంజను కొన్న బిల్లును, అది ఏ బండినుండి తీసినదో తెలుపు పత్రములను చేర్చి, 52వ విభాగము ప్రకారము 14 దినములలో తెలిపి, ఆర్.సి.లో క్రొత్త సంఖ్య నెక్కింపవలెను. ఆర్.సి.లోని సంఖ్యకును బండిమీది సంఖ్యకును తేడా యున్నయెడల 55వ విభాగము ఐదవ ఉపవిభాగము క్రింద రిజిస్ట్రేషను రద్దగును. అధికారి యజమాని వాదము వినవలెనుగాని, తేడా రుజువైన పిమ్మట దయతలచు అవకాశము చట్టములో లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారుడు నిర్దేశించిన మూలలక్షణములకు భిన్నముగా వాహనమును మార్చరాదని తీర్పుచెప్పినది. బాగుచేయు నెపముతో పికప్ వెనుకభాగమును పొడిగించుటయు, వేరుజాతి ఇంజను బిగించుటయు ఇందుచేత నిషిద్ధములు.

భద్రతాంశములలో ఎయిర్‌బ్యాగు ముఖ్యమైనది. 2019 జూలైనుండి తయారైన కార్లలో డ్రైవరునకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అది ఒకసారి విచ్చుకొన్న పిమ్మట మరల వాడుటకు పనికిరాదు. క్రొత్తదానిని, దాని సెన్సరును, సీటుబెల్టు బిగించు పరికరమును కలిపి మార్చుట ఖరీదైన పని. ఈ ఖర్చు తప్పించుకొనుటకు స్టీరింగుమీద ఖాళీ మూత బిగించి, డ్యాష్‌బోర్డులోని హెచ్చరిక దీపమును మరియొక దీపపు తీగెకు కలిపి ఆర్పివేయుట జరుగుచున్నది. తాళము త్రిప్పినంతనే ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి, కొన్ని క్షణములకు ఆరవలెను. అసలు వెలుగనిదైనను, ఆరనిదైనను ఆ బండిని కొనరాదు. విరిగిన నంబరు ప్లేటు స్థానమున బజారు ప్లేటు పెట్టుటయు కుదరదు; హై సెక్యూరిటీ ప్లేటును అధికృత సంస్థద్వారానే తిరిగి పొందవలెను.

కార్యాలయపు మెట్లు

ఈ ప్రాంతమువారికి రవాణా శాఖ కార్యాలయము ఆదోనిలో గలదు. పై కార్యాలయము కర్నూలులో నున్నది. ఫైనాన్సు తీరినదని ఫారము 35 తెచ్చి, ఆర్.సి.లోని హెచ్.పి. అను అప్పు గుర్తును కొట్టివేయించుట మొదటి పని. ఆర్.సి. మంటలోనో నీటిలోనో పోయినచో ఫారము 26తో నకలు పొందవలెను. చెల్లింపని చలానాలున్న బండికి బదిలీ సాగదు. బాడుగబండిని మరమ్మతుకాలమున నడుపుటలేదని ముందుగా తెలుపనిచో మూడునెలల కొకమారు కట్టవలసిన పన్ను పెరిగిపోవును; బాగుపడిన దినముననే ఈ బాకీ బయటపడి యజమానిని క్రుంగదీయుట తరచుగా జరుగునది. కాలుష్య పరీక్షాపత్రము, చెల్లుచున్న థర్డ్ పార్టీ బీమా లేనిదే ఏ దరఖాస్తును ముందునకు కదలదు. బీమా లేకుండ నడిపినచో మొదటిసారికి 2,000 రూపాయల జరిమానాగాని, మూడునెలల ఖైదుగాని, రెండునుగాని పడవచ్చును. కాని ఆ జరిమానా లెక్కలోనిది కాదు, ప్రమాదము జరిగినయెడల పరిహారమంతయు తన ఆస్తినుండి చెల్లింపవలసివచ్చుటయే అసలు శిక్ష. సొంతనష్టమునకు కూడ బీమా కావలెనన్నచో సంస్థవారు బండిని ముందుగా చూతురు. పాత క్లెయిమును దాచిపెట్టి తీసికొన్న పాలసీ అవసరమునకు అక్కరకు రాదు.

కర్ణాటక బండి అయినచో ఇంకొక మెట్టు గలదు. బళ్లారిలోగాని రాయచూరులోగాని ఫారము 28తో ఎన్.ఓ.సి., అనగా నిరభ్యంతర పత్రము, తీయవలెను. దొంగతనపు కేసు లేదనియు, పన్ను బాకీ లేదనియు చూచిన పిమ్మటనే దానిని ఇత్తురు గనుక, టోటల్ లాస్ బండ్ల విషయమున ఇది కొనువానికి గొప్ప రక్ష. బండిని ఈ రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినచో 47వ విభాగము ప్రకారము ఫారము 27తో ఇచటి గుర్తు పొందవలెను. వయస్సునుబట్టి ఇచటి లైఫ్ ట్యాక్సు చెల్లింపవలెను. ఎన్.ఓ.సి. లేకయే, సరిహద్దు దగ్గరే కదా యని, కె.ఎ. ప్లేటుతోనే ఏండ్లతరబడి ఎమ్మిగనూరులో బండిని త్రిప్పువారు ఉన్నారు. అమ్మజూపిన దినమున ఆ బండికి సగము ధరయు పలుకదు.

కాగితములకొరకు కొన్న శిథిలములు

బాగుచేయుటకు బొత్తిగా వీలులేని శిథిలమునకు వేలములో ఒక్కొక్కప్పుడు ఇనుపధరను మించిన వెల పలుకుచుండును. కొనువానికి కావలసినది ఆ ఇనుము కాదు, ఆర్.సి.యు ఛాసిస్ సంఖ్యయు. అదే జాతి, అదే రంగు కారును దొంగిలించి, శిథిలపు సంఖ్యను దానిపై చెక్కి, శిథిలపు కాగితములతో అమ్ముట దేశమంతట పోలీసు లెరిగిన మోసము. ఉత్తరప్రదేశపు మీరట్‌లోని సోతిగంజ్ బజారు దొంగబండ్లను విప్పి అమ్ముటకు పేరుమోసి, 2021 డిసెంబరులో పోలీసులచే మూతపడినది. అట్టి బజార్లు దూరమున నున్నను, వాటి సరకు రైలుబాట, రోడ్డుబాటల వెంట ఎంతదూరమైనను ప్రయాణము చేయును. పరివాహన్ సైట్లో బండి వివరములను, జాతీయ నేర గణాంక సంస్థవారి వాహన్ సమన్వయ్‌లో దొంగబండ్ల జాబితాను ఎవరైనను చూచుకొనవచ్చును. కాని ఈ మోసములో ఆ రెండును మౌనముగానే యుండును. ఏలయన శిథిలపు సంఖ్య దొంగసంఖ్య కాదు. దానిని పట్టించునది పాత క్లెయిము దస్త్రమొక్కటే. బీమా క్లెయిముల సమాచారమును సమీకరించు సంస్థ, ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, మన హైదరాబాదుననే యున్నది. ఆ సమాచారము రవాణా శాఖ దస్త్రముతో ముడిపడి ఆర్.సి.మీద కనబడు దినము మాత్రము రాలేదు.

బాగుచేయ నిచ్చగింపనివారికి 2021 సెప్టెంబరులో వచ్చిన వాహన విచ్ఛేదన నియమములు దారి చూపుచున్నవి. ప్రమాదములోగాని, ప్రకృతివైపరీత్యములోగాని చెడిన బండిని యజమాని తుక్కుగా ప్రకటించి నమోదైన కేంద్రమునకు అప్పగించినచో, అచట ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ ఇత్తురు. రిజిస్ట్రేషను రద్దు ఆ వెనుక జరుగును. గుజిరీ అంగడికి తూకమునకు వేసినదానికంటె రాబడి తక్కువైనను, తన పేరుగల సంఖ్య మరియొక బండిమీద మొలకెత్తదను నిశ్చింత దీనిలో గలదు.

ఇతర దేశముల పద్ధతి

బ్రిటనులో 2017 అక్టోబరునుండి శిథిలవాహనములు నాలుగు తరగతులు: ఎ తరగతివి పూర్తిగా నలుగగొట్టవలసినవి, బి తరగతివి విడిభాగములకే పనికివచ్చునవి, ఎస్ తరగతివి చట్రమునకు దెబ్బతగిలియు బాగుచేయదగినవి, ఎన్ తరగతివి చట్రము చెక్కుచెదరనివి. అమెరికాలో 1992 నాటి కారుదొంగతనముల నిరోధక చట్టమునుండి పుట్టిన జాతీయ వాహన టైటిళ్ల సమాచార వ్యవస్థలో ఒక రాష్ట్రమున పడిన ముద్ర మరియొక రాష్ట్రమునకు పోయినను తెలియును. నిబంధనలు మాత్రము రాష్ట్రమునకొక తీరు. కొన్ని రాష్ట్రములలో నష్టము విలువలో నూటికి 75 వంతులు దాటినచో సాల్వేజ్ అగును, టెక్సాసులో మరమ్మతు వ్యయము వాహనపు అసలు విలువను మించవలెను. డల్లాసు, హ్యూస్టను ప్రాంతములకు చదువులకై పోయిన మన పిల్లలు ధర తక్కువను చూచి రీబిల్ట్ టైటిల్ కారు కొనుట కలదు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టనును ముంచినప్పుడు అచట కార్లు విస్తారముగా నీట మునిగినవి. అచటి విద్యార్థి బండి గతమును తన కాగితముమీదనే చదివి కొనగలడు. ఆదోనిలోని అతని తండ్రికి ఆ వసతి లేదు.

టోటల్ లాస్ చెల్లించిన ప్రతి బీమా సంస్థయు ఆ సంగతిని రిజిస్టరింగు అధికారికి తెలుపవలెననియు, ఆర్.సి.లో ఆ గుర్తు శాశ్వతముగా నిలువవలెననియు, సొంతకారైనను బాగుపడిన పిమ్మట ఒకసారి ఇన్‌స్పెక్టరు ఎదుట నిలుపవలెననియు నియమము రావలెను. అది వచ్చువరకు కొనువారు బయానా ఇచ్చుటకు ముందే పాత పాలసీ నకలును, సర్వేయరు నివేదికను, క్లెయిము చెల్లించిన ఉత్తరమును అడిగి తీసికొని, ఛాసిస్ సంఖ్యను తమ కంటితో చూచి, పెన్సిలు అచ్చును ఆర్.సి.తో సరిపోల్చుకొనవలెను, ఈ నాలుగింటిలో ఒక్కటియైనను చూపుటకు వెనుదీయు అమ్మకందారుని దగ్గర కొనవలదు.